దండ కింద పసుపు

జగ్గయ్యపేట పారిశ్రామికవాడలో భవానీప్రసాద్‌గారి రంగుల ఫ్యాక్టరీ చుట్టూ మూడు కిలోమీటర్ల మేర తెల్ల కొంగ అన్నది లేదు. ఉన్న కొంగలన్నీ పసుపుపచ్చవే. ఫ్యాక్టరీ కుక్క పుట్టినప్పుడు ఏ రంగులో ఉండేదో దాని తల్లికి కూడా గుర్తులేదు. ట్రేల దగ్గర పనిచేసే రత్తమ్మ ఇంటికెళ్ళి తలంటుకుంటే మూడో వీధి కాలవ దాకా పసుపు పారుతుంది. అక్కడి కుర్రాళ్ళకి పెళ్ళి కుదిరితే నలుగు పెట్టడం ఏనాడో మానేశారు. ఓ వారం డ్యూటీ ఎక్కువ చేయిస్తే సరిపోతోంది.

అది వంటింటి పసుపు కాదు. గోడలకేసే రంగుల్లో, స్కూలు బస్సుల మీద, నోటు పుస్తకాల అట్టలు అచ్చేసే సిరాలో కలిసే పొడి. సీసం ఉన్న రంగులు విషమని మానేసిన చోటల్లా ఇదే వాడుతున్నారు. దానికి మూరెడు పొడుగు ఇంగ్లీషు పేరుంది గానీ, ఫ్యాక్టరీలో అందరూ "ఎల్లో" అంటారు.

ఆ గురువారం పొద్దున పదిన్నరకి ఈ ఏటి నలభై ఏడో బ్యాచ్‌ని గోడ ముందుకి తీసుకెళ్ళారు.

ఆఫీసు గదిలో తూర్పు గోడ మీద దేవుడి పటాల వరసలోనే ఇంకో పటం ఉంది. అద్దం వెనక దేవుడు లేడు, జానెడు అట్ట ఉంది. ఫ్యాక్టరీ తెరిచిన రోజు తయారైన మొట్టమొదటి బ్యాచ్ పొడిని నూనెలో నూరి, ఆ అట్ట మీద సగం చిక్కగా, సగం తెల్లరంగు కలిపి పలచగా పూశారు. వాస్తు చూసిన పెద్దమనిషి దాన్ని పడమటి కిటికీకి సరిగ్గా ఎదురుగా పెట్టమన్నాడు. అద్దం మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. పైనుంచి రెండు పేటల ప్లాస్టిక్ బంతిపూల దండ. ఈ మధ్య ఏ బ్యాచ్ రంగైనా సరిచూడాలంటే దాన్ని పూసిన కొత్త అట్టే గోడ దగ్గరికి వెళ్ళాలి. గోడ మీది దాన్ని దించడం అన్న మాట ఆ కాంపౌండులో ఎవరి నోటా రాలేదు.

ఇర్ఫానా చెప్పులు విడిచి, కొత్త అట్టని దండ కింద ఆనించి పట్టుకుంది. ఆమెకి ఇరవై మూడేళ్ళు. నందిగామ కాలేజీలో కెమిస్ట్రీ డిగ్రీ అయ్యాక ఈ ల్యాబ్‌లో చేరి ఏడాదిన్నర.

"ముదిరిపోయిందండి," అన్నాడు సూపర్‌వైజర్ తిరుపతిరావు, ఆమె చెయ్యి ఇంకా కుదురుగా నిలవకముందే. "చూడండి, పక్కపక్కనే తెలుస్తానే ఉంది. నలభై అయిదు, నలభై ఆరు, ఇప్పుడిది. వరసగా మూడు."

భవానీప్రసాద్ కళ్ళజోడు పైకెత్తి చూశాడు, దించి చూశాడు. "అవునయ్యా. పెయింటు కంపెనీవాడు మొహాన కొడతాడు. ఎందుకిట్టా?"

"ఐసండీ. ఐసు తక్కువేస్తే మందు కుళ్ళిపోయిద్ది. రంగు ముదిరిపోయిద్ది."

"ఐసు వేసేదెవరు?"

"ఇంకెవరండీ, జయరాజే."

జయరాజ్ గుమ్మం అవతలే ఉన్నాడు. బట్టల నుంచి ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి కాబట్టి ఆ గదిలోకి అతను ఆరేళ్ళలో ఒక్కసారీ అడుగుపెట్టలేదు. చేతులు రెండూ తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. ఫ్యాక్టరీ మొత్తంలో పసుపంటని చేతులు అవే.

"తక్కువెయ్యలేదండి," అన్నాడు.

"సోమారం నుంచి రావొద్దులే జయరాజ్," అన్నాడు భవానీప్రసాద్, సోమవారం వాన పడొచ్చులే అన్నంత మామూలుగా. "మూడు బ్యాచ్‌లయ్యా. నేను తట్టుకోలేను."

తిరుపతిరావు అప్పటికే రిపోర్టు టైపు చేయించి ఉంచాడు. మూడే వాక్యాలు. నలభై ఏడో బ్యాచ్ చెడింది. కారణం: ఐసు తక్కువ. బాధ్యుడు: జయరాజ్. కింద ల్యాబ్ సంతకానికి చోటు.

"శనారం లోపల సంతకం పెట్టియ్యమ్మా," అన్నాడు ఇర్ఫానాతో. "రేపు లేబరాఫీసోళ్ళు అడిగితే కాయితం ఉండాలి."

ఇర్ఫానా కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. మామూలుగా అయితే ఇలాంటి కాగితంతో పడవో విమానమో చేసి తిరుపతిరావు టేబుల్ మీదికే వదిలేది. ఆ రోజు చేతులు రాలేదు.

ఎందుకంటే, నెల కిందటి దాకా ఆ గోడతో ఎవరికీ పనిలేదు. ల్యాబ్ బీరువాలో ఒక నల్ల సీసా ఉండేది. అందులో మొదటి బ్యాచ్ పొడి. ప్రతి బ్యాచ్‌కీ అందులోంచి చిటికెడు తీసి, కొత్త పొడితో పాటు నూరి, రెండూ పక్కపక్కన పూసి చూసేవాళ్ళు. నెల కిందట ఆ సీసా ఖాళీ అయింది. "ఆరేళ్ళు వాడాం, అయిపోయిందండి," అని తిరుపతిరావు చెప్పాడు. అప్పట్నుంచి గోడ మీద అట్టే జడ్జి.

సీసా దానంతటదే అయిపోలేదు. ఆ సంగతి భూప్రపంచంలో ఇద్దరికే తెలుసు, ఒకరు ఇర్ఫానా, రెండోది తిరుపతిరావు గొడుగు.

ఆ గొడుగుని ఆయన ఎండాకాలం, వానాకాలం, ఫ్యాను కింద కూడా వదలడు. నెల కిందట ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తింటుండగా, మడిచిన గొడుగులో మూడు చెంచాల ఎల్లో పోసి మళ్ళీ మడిచి పెట్టింది ఇర్ఫానా. బీరువాలో ఒకేలా ఉన్న నల్ల సీసాల్లో చేతికందిన దాంట్లోంచే తీసింది. దాని మీద కాగితం ఊడిపోయి ఉంది, పాత శాంపిలేదో అనుకుంది. ఆయన బయటికెళ్ళి గొడుగు విప్పుతాడు, గుండు మీద పడుతుంది, అందరూ నవ్వుతారు. ప్లాను అంతవరకే.

ఆయన ఆ రోజు గొడుగు విప్పలేదు. మర్నాడు పెనుగంచిప్రోలులో మేనల్లుడి పెళ్ళికి పట్టుకెళ్ళాడు. ఊరేగింపులో ఎండ మండిపోతుంటే, మేనమామ కదా, మురిపెంగా పెళ్ళికొడుకు నెత్తిన గొడుగు పట్టి విప్పాడు. తెల్ల పట్టుబట్టలు, తెల్ల గుర్రం. మొత్తం ఆల్బంలో తెల్లగా మిగిలింది పెళ్ళికొడుకు పళ్ళు మాత్రమే. ఆ పొడి నీళ్ళలో కరగదు. తుడిచేకొద్దీ పాకుతుంది. గుర్రం యజమాని ఇప్పటికీ దాన్ని వేరే గుర్రమని చెప్పి అద్దెకిస్తున్నాడట. ఫ్యాక్టరీ దుమ్మే గొడుగు మడతల్లో పేరుకుందని తిరుపతిరావు నమ్మాడు. ఆయన చెల్లెలు నమ్మలేదు.

ఇర్ఫానా వారం రోజులు దిండులో మొహం పెట్టి నవ్వింది. ఎనిమిదో రోజు తిరుపతిరావు బీరువా తెరిచి, "స్టాండర్డ్ సీసా ఖాళీ ఏంటి?" అన్నాడు. అప్పుడు ఆగిన నవ్వు మళ్ళీ రాలేదు.

శుక్రవారం పొద్దున ఏడింటికే ఇర్ఫానా తొట్ల దగ్గరికి వెళ్ళింది. నందిగామ ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లారీ వెనకడ్డం తీసి ఉంది. ఊకలో పాతిన ఐసు దిమ్మలు ఒక్కోటి శవప్పెట్టెంత. జయరాజ్ కొక్కెం తగిలించి దిమ్మని లాగి, గోనెపట్టా కప్పి, చెక్క సుత్తితో కొట్టాడు. పగిలిన చప్పుడు విని స్తంభం మీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు.

"ఇదేంటన్నా, గీతలు?"

"దిమ్మకో గీత. బ్యాచ్‌కి పద్నాలుగు. ఎండలు ముదిరితే పదహారు." జయరాజ్ సుత్తితో స్తంభం పక్కకి చూపించాడు. స్తంభం నిండా గీతలే. బ్యాచ్ అయ్యాక కొట్టేసిన గుంపులు, ఒకదాని మీద ఒకటి, పైకప్పు దాకా పోయేవే, నిచ్చెన లేక ఆగినట్టున్నాయి. "నలభై ఏడుకి పదిహేడు. కావాలంటే లెక్కెట్టుకో పాపా."

ఇర్ఫానా లెక్కపెట్టుకుంది. పదిహేడు.

"ఈ మాట అయ్యగారితో ఎందుకు చెప్పలా?"

"తక్కువెయ్యలేదని చెప్పాగా. గీతలు చూపిస్తే నమ్మేవాళ్ళు, మాట చెప్తే నమ్మరా?" ఇంకో దిమ్మ లాగాడు. "కాస్త పక్కకి జరుగు, ముక్కలు ఎగురుతయ్."

కొన్ని ముక్కలు గుప్పెడంత, కొన్ని తలకాయంత. ఇర్ఫానా అడగకుండానే చెప్పాడు. చిన్నవి గబుక్కున కరిగి చల్లబరుస్తాయి. పెద్దవి ఆఖరి దాకా కాపు కాస్తాయి. అన్నీ చిన్నవైతే మధ్యలో మోసం చేస్తాయి, అన్నీ పెద్దవైతే మొదట్లో.

మొదటి తొట్టిలో నారింజరంగు పొడిని యాసిడ్‌లో కలిపి ఉంచారు. దాన్లో ఐసు పడ్డాక, పై పీపాలోంచి నైట్రైట్ నీళ్ళు సన్నటి ధారగా వదలడం మొదలుపెట్టాడు. ఇక్కడ తయారయ్యేదాన్ని డయాజో అంటారు. డయాజో అత్తారింటికొచ్చిన కొత్తల్లుడి లాంటిది. చల్లగా చూసుకున్నంతసేపే మర్యాద. అయిదు డిగ్రీలు దాటిందంటే అలిగి, బుడగలు కక్కి, తారుముద్దలా మారిపోతుంది. మళ్ళీ ఎంత బతిమాలినా మనిషి కాదు. ఆ అలక రాకముందే రెండో తొట్టిలో సిద్ధంగా ఉన్న దాంతో కలిపెయ్యాలి. కలిసిందంటే ఇక విడాకులు లేవు. ఎండకి, వానకి, సబ్బుకి, దేనికీ లొంగనంత గట్టి సంబంధమని తిరుపతిరావు కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుంటాడు.

జయరాజ్ థర్మామీటరు చూడలేదు. తొట్టి బయటివైపు అరచెయ్యి వెనకభాగం ఆనించాడు. ఇనుప గోడ మీద చెమట పట్టింది, సన్నటి చుక్కలు.

"చుక్కలు నిలబడితే మంచిది. కారిపోతుంటే లోపల వేడెక్కతా ఉన్నట్టు," అన్నాడు.

ఇర్ఫానా థర్మామీటరు ముంచి చూసింది. రెండున్నర. పావుగంట తర్వాత మూడు. ఇంకో పావుగంటకీ మూడే. చివర్లో పరీక్ష కాగితం ముంచితే, పని పూర్తయిందన్నట్టు చక్కగా నీలంగా తిరిగింది. జయరాజ్ వాల్వు తిప్పాడు. ఆ నీళ్ళు రెండో తొట్టిలోకి ధారకట్టి పడ్డాయి. పడ్డచోటల్లా ఎల్లో పుట్టింది. చూస్తుండగా తొట్టి మొత్తం ఒక్కసారిగా, ఎవరో లోపల లైటేసినట్టు.

ఎన్నిసార్లు చూసినా ఇర్ఫానా నోరు తెరిచే చూసేది. జయరాజ్ మాత్రం అప్పటికే ఖాళీ గోనెపట్టా పిండుతున్నాడు.

"రేపొక్కరోజే కదా అన్నా, భయంగా లేదా?"

"భయమెందుకు? చేతులు నాయే కదా, వాళ్ళు ఉంచుకోరుగా," అన్నాడు.

ప్రెస్సులో వడకట్టిన ముద్దలోంచి రత్తమ్మ గుప్పెడు తీసి ఇర్ఫానా దోసిట్లో పెట్టింది. "ఏంటమ్మాయ్, తినటానికా? జున్నులా ఉంటది గానీ వారం దాకా నాలిక తియ్యలేవు." ఆ ముద్దని చిన్న ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టింది ఇర్ఫానా. పొడి చేసి, నూనె వేసి, గాజు పలక మీద గాజు పొత్రంతో నూట యాభై చుట్లు నూరింది. తెల్లరంగు కలిపింది. అట్ట మీద పూసి గోడ ముందుకి తీసుకెళ్ళింది.

ముదురు. నలభై ఏడులాగే. కాపీ కొట్టినట్టు.

మూడు డిగ్రీల దగ్గర, తన కళ్ళముందు, తన థర్మామీటరుతో తయారైన నలభై ఎనిమిదో బ్యాచ్ ఇది.

"సార్, ఒక డౌటు," అంది తిరుపతిరావు దగ్గరికెళ్ళి. "ఐసు తక్కువై కుళ్ళితే రంగు మురుగ్గా అవ్వాలి కదా. బలం కూడా చావాలి. ఇది ముదురుగా ఉంది గానీ మురుగ్గా లేదు. తెల్లరంగు ఎంత కలిపినా లొంగట్లేదు. గోడ మీద దానికంటే ఇదే బలంగా ఉంది."

"అయితే?"

"కుళ్ళినవాడు పక్కవాడి కంటే ఆరోగ్యంగా ఎట్టా ఉంటాడండీ?"

తిరుపతిరావు గొడుగుని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "అమ్మా, నువ్వు చదూకున్నదానివి. నేను వండినవాణ్ణి. సంతకం పెట్టావా?"

"రేపండీ."

సాయంత్రం బస్సులో నందిగామ చేరేసరికి ఎండ ఇంకా చల్లారలేదు. ఇంటి ముందు మేనమామ రసూల్ తన స్కూలు ఆటో పక్కన గొంతుక్కూర్చుని, కత్తి మొనతో ఏదో గీకుతున్నాడు. ఇర్ఫానా తల్లి మీరాబీ వేడినీళ్ళ గిన్నె అందిస్తూ, "గీకింది చాల్లేరా, రేకు కనపడతా ఉంది," అంటోంది.

"ఏం చేస్తున్నావ్ మామా?"

"స్కూలు మారానే. పాత స్కూలు పేరు తీసెయ్యాల. తీసేసినా పోవట్లా, దరిద్రం."

ఇర్ఫానా వంగి చూసింది. స్టిక్కరు అక్షరాలు మొత్తం ఊడిపోయాయి. నేల మీద తెల్ల ముక్కలుగా పడి ఉన్నాయి. అయినా ఆటో వెనక స్కూలు పేరు అలాగే ఉంది, ప్రిన్సిపాలు ఫోన్ నంబరుతో సహా. ఆటో అంతా ఎండకి వెలిసి మజ్జిగలో పసుపు కలిపినట్టుంది. అక్షరాలున్న చోట మాత్రం ఎల్లో నిగనిగలాడుతోంది.

"కిరసనాయిలు పెట్టా, సోపేసా. ఆ పిన్సిపాలు నన్నొదిలినా అతని పేరొదలట్లా."

"మామా, అది అంటుకున్నది కాదు. చుట్టూ ఉన్నది పోయింది."

"ఏంటీ?"

ఇర్ఫానా నిటారుగా లేచింది. ఆటో చుట్టూ ఒకసారి తిరిగింది. ఎండ తగలని చక్రం గూడు లోపల చూసింది. కొత్తది కొన్నప్పటి రంగు. తెల్ల కలిపి పలచన చేసిన ఎల్లో ఎండకి ఓర్చుకోలేదని మూడో సెమిస్టరులో రెండు మార్కులకి రాసిన జవాబు, మూడేళ్ళు ఆలస్యంగా, మేనమామ ఆటో వెనక పెద్ద అక్షరాలతో కనిపించింది.

"దీనికేమన్నా పిచ్చా?" అన్నాడు రసూల్ అక్కతో.

"పుట్టినప్పట్నుంచీ," అంది మీరాబీ.

శనివారం పదకొండింటికి ఇర్ఫానా నలభై ఏడో బ్యాచ్ అట్టని ఒక చేత్తో, సంతకం లేని రిపోర్టుని ఇంకో చేత్తో పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. భవానీప్రసాద్ అప్పుడే అగరొత్తులు వెలిగించి కూర్చున్నాడు. తిరుపతిరావు ఎదురుగా ఉన్నాడు.

"పెట్టావా?" అన్నాడు తిరుపతిరావు.

"లేదండీ. ముందు ఒక విషయం చెప్పాలి." ఎన్ని కొంటెపనులు చేసినా దొరికిపోవడం ఇర్ఫానాకి అలవాటే గానీ, తనంతట తాను ఒప్పుకోవడం ఇదే మొదలు. నోట్లో నాలుక ఎటు తిరగాలో దానికి తెలియలేదు. "స్టాండర్డ్ సీసా అయిపోలేదండీ. నేనే వాడేసా."

"దేనికమ్మా?" అన్నాడు భవానీప్రసాద్.

"తిరుపతిరావుగారి గొడుగుకి."

తిరుపతిరావు కళ్ళు మెల్లగా చంకలోని గొడుగు మీదికి, అక్కణ్ణుంచి పెనుగంచిప్రోలు మీదికి, గుర్రం మీదికి, ఆల్బం మీదికి ప్రయాణం చేసి తిరిగొచ్చాయి.

"నువ్వా?" అన్నాడు.

"నేనేనండీ. పాత శాంపిలనుకున్నా. తప్పయిపోయింది. నన్నేం చేసినా సరే గానీ, నా తప్పుకి జయరాజన్న పోకూడదు. ఆ సీసా ఉండుంటే నలభై ఏడు పాసయ్యేది."

"ఎట్టా తెలుసు నీకు?" అన్నాడు భవానీప్రసాద్. ఆయన మీసం కింద నవ్వు లాంటిదేదో అటూ ఇటూ తిరిగింది. ఆ పెళ్ళికి ఆయన కూడా వెళ్ళాడు.

"గోడ చెప్పుద్దండీ. దండ తియ్యాలి."

ఇద్దరూ ఒకేసారి, "దండా?" అన్నారు.

"తీసి మళ్ళీ వేస్తా."

భవానీప్రసాద్ పటాల వంక చూసి, చెంపలు వేసుకుని, కళ్ళు మూసుకుని తలూపాడు. ఇర్ఫానా కుర్చీ లాక్కుని ఎక్కింది. రెండు పేటల ప్లాస్టిక్ బంతిపూల దండని మేకు మీంచి తప్పించి, టేబుల్ మీద పెట్టింది.

దండ తీసినా, అట్ట మీద దండ ఉంది.

పలచగా పూసిన సగంలో, రెండు పేటలూ, వంపు తిరిగి, పువ్వు పువ్వుకీ గుండ్రంగా, నిండు ఎల్లోతో మెరుస్తున్నాయి. చుట్టూ మిగతాదంతా పాలిపోయి, రసూల్ ఆటోలా ఉంది. ఇర్ఫానా కోటు అంచుతో జాగ్రత్తగా అద్దం మీది కుంకుమ తుడిచింది. దాని కింద కూడా రూపాయి బిళ్ళంత ఎల్లో. నలభై ఏడో బ్యాచ్ అట్టని తెచ్చి ఆ బిళ్ళ పక్కన ఆనించింది. గీత ఎక్కడుందో కనపడలేదు. ఇక్కడ మొదటి బ్యాచ్ అయిపోయి ఇక్కణ్ణుంచి నలభై ఏడు మొదలవుతుందని చెప్పగల మొనగాడు ఆ గదిలో లేడు.

"ఆరేళ్ళు సూర్యుడు దీవించాడండీ," అంది కుర్చీ మీంచే. "మొత్తం తాగేశాడు."

భవానీప్రసాద్ కళ్ళజోడు పైకెత్తి చూశాడు, దించి చూశాడు, తీసేసి కూడా చూశాడు. "మంచి బ్యాచ్‌లు మూడిటిని గోడౌన్లో పారేయించావు కదయ్యా," అన్నాడు తిరుపతిరావుతో.

తిరుపతిరావు లేచి గోడ దగ్గరికి వచ్చాడు. వేలితో అద్దం మీద దండ వంపునంతా తడిమాడు. రంగు తెలిసినవాడు కదా, ఇంక వాదించలేదు.

"నలభై ఏడునే స్టాండర్డ్ చేద్దామండీ," అన్నాడు చివరికి, గోడతోనే చెబుతున్నట్టు. "మొదటిదానికి ఇది తోబుట్టువే." తర్వాత ఇర్ఫానా వైపు తిరిగాడు. "రేపు ఆదివారం పెనుగంచిప్రోలు వస్తున్నావు నాతో. మా చెల్లెలికి నీ నోటితో చెప్పాలి. వాళ్ళు గుర్రం మందు ఖర్చు కూడా నా మీదే రాశారు."

"వస్తా సార్."

"గొడుగు నేను తెచ్చుకోను."

జయరాజ్‌ని పిలిపించారు. గుమ్మం అవతలే ఆగాడు. "లోపలికి రావయ్యా," అన్నాడు భవానీప్రసాద్. జయరాజ్ తన కాళ్ళ కింద మడుగు కడుతున్న నీళ్ళు చూసుకుని, ఓ క్షణం ఆలోచించి, లోపలికొచ్చాడు. నీళ్ళు కూడా వచ్చాయి.

"పొరపాటైంది. నీ బ్యాచే ఇంక అన్నిటికీ కొలత. సోమవారం మామూలుగా వచ్చెయ్."

"సోమారం రానండీ."

భవానీప్రసాద్ బిత్తరపోయాడు. "కోపమా?"

"కోపమేముందండీ. రావొద్దన్నారుగా. మా ఆవిడ జి.కొండూరులో పుట్టింటికి వస్తామని చెప్పేసింది. ఆరేళ్ళ తర్వాత వెళ్తున్నాం. కోడి కూడా కొనేశారంట." తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మంగళారం వస్తా."

"సోమారం బ్యాచ్ ఉందయ్యా. ఐసెవరు కొడతారు?"

"ఐసు కొట్టడానికేముందండీ, నేను కొడతా," అన్నాడు తిరుపతిరావు. "ఒక్కరోజేగా."

"నేనూ కొడతా," అంది ఇర్ఫానా.

జయరాజ్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సుత్తి పిడి కాస్త వదులైంది. చూసుకోండి," అని వెళ్ళిపోయాడు.

ఆదివారం సంగతి వేరే. తిరుపతిరావు చెల్లెలు ఇర్ఫానాకి పూర్ణాలు పెట్టి మరీ తిట్టింది. అంతకంటే చెప్పడానికేం లేదు.

సోమవారం పొద్దున ఏడింటికి లారీ వచ్చింది. తిరుపతిరావు చొక్కా చేతులు మడిచాడు. మొదటి దిమ్మ లాగడానికి ఇద్దరికీ పదిహేను నిమిషాలు పట్టింది. ఈలోగా అది గడప దాటేసరికి సగమైంది. సుత్తి ఎత్తి కొడితే దిమ్మ పగల్లేదు, తిరుపతిరావే ఎగిరి గోనె మీద పడ్డాడు. రెండో దెబ్బకి పిడి ఊడి సుత్తి తల ఊకలోకి పోయింది. రత్తమ్మ ట్రేలు పక్కన పెట్టి, కొంగు దోపుకుని, చూడ్డానికి స్టూలేసుకుని కూర్చుంది.

"గీతలు గియ్యండి సారూ, మర్చిపోతన్నారు," అని అరిచింది.

తొమ్మిది దిమ్మలకి ఇర్ఫానా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. అన్నీ చిన్న ముక్కలే వచ్చాయి, తలకాయంతవి ఒక్కటీ లేదు. "చాల్లే, చల్లగానే ఉంది," అన్నాడు తిరుపతిరావు, వాల్వు దగ్గర ఆయాసపడుతూ. నైట్రైట్ వదిలాడు. మొదటి పావుగంటా తొట్టి గోడ మీద చుక్కలు నిలబడే ఉన్నాయి. ఆ తర్వాత ఒక చుక్క కిందికి జారింది. దాని వెనక ఇంకోటి.

ఇర్ఫానా పరిగెత్తుకెళ్ళి థర్మామీటరు ముంచింది. ఎనిమిది. పదకొండు.

"సార్, ఐసు!"

మిగిలిన దిమ్మల దగ్గరికి ఇద్దరూ ఉరికారు. పగలగొట్టి తెచ్చేలోపు తొట్టిలోంచి నురగ లేచి, బుడగలు పొర్లి, అంచు మీద గోధుమరంగు జిగురు మెల్లగా పేరుకుంది. కొత్తల్లుడు అలిగాడు. ఎంత ఐసు కుమ్మరించినా వెనక్కి రాలేదు. రెండో తొట్టిలో కలిపితే పుట్టింది ఎల్లో కాదు, మూడు రోజుల నాటి పప్పు.

మధ్యాహ్నం ఆరబెట్టి, నూరి, అట్ట మీద పూసి, కొత్త స్టాండర్డ్ సీసాలోని నలభై ఏడో బ్యాచ్ పక్కన పెట్టింది ఇర్ఫానా. సీసాని ఈసారి నల్ల కాగితం చుట్టి, బీరువాలో తాళం వేసి పెట్టారు. దాని మీద తేదీ కింద "చేసినది: జయరాజ్" అని రాసి ఉంది. తూర్పు గోడ మీద ఆ పటం ఉన్నచోట ఖాళీ మేకు మాత్రం ఉంది.

పక్కపక్కన రెండు అట్టలు. ఒకటి నిగనిగలాడుతోంది. ఇంకోటి మురుగ్గా, నీరసంగా, తెల్లరంగు చిటికెడు తగలగానే చేతులెత్తేసింది. ఐసు తక్కువైతే ఎలా ఉంటుందో ఆరేళ్ళలో ఆ ఫ్యాక్టరీ మొదటిసారి చూసింది.

తిరుపతిరావు వంగి రెండు అట్టల్నీ చూశాడు. బొబ్బలు చితికి ఆయన అరచేతులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. వాటి మీద పసుపంటలేదు.

"రిపోర్టు ఉందా నీ దగ్గర?" అన్నాడు.

ఇర్ఫానా కోటు జేబులోంచి గురువారం నాటి కాగితం తీసి మడతలు విప్పింది. నలభై ఏడు అన్నచోట కొట్టేసి నలభై తొమ్మిది అని వేసింది. కారణం: ఐసు తక్కువ. అది అలాగే ఉంచింది. జయరాజ్ అన్న పేరు మీద అడ్డంగా గీత గీసి, పైన రెండు పేర్లు రాసింది. ముందు ఏది రావాలా అని ఒక్క క్షణం ఆగింది. తన పేరే ముందు రాసుకుంది.

తర్వాత, కింద ఖాళీగా ఉన్న చోట, బొబ్బల చెయ్యి నొప్పెడుతున్నా పూర్తి పేరుతో సంతకం పెట్టింది.